జో జాక్సన్ చేవ్రాలు

లోకములో వస్తువులకు విలువ కలుగు తీరు చిత్రమైనది. బంగారము అరుదుగ దొరకును గనుక దానికి విలువ. ముత్యము కడలి అడుగున దాగియుండును గనుక దానికి విలువ. కాని ఒక్కొక్కప్పుడు చిన్న కాగితపు ముక్కకు సయితము బంగారమును మించిన వెల పలుకుచుండును. 1990వ సంవత్సరములో అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగిన వేలమున, పాత న్యాయపత్రము నుండి కత్తిరించి తీసిన ఒక కాగితపు పేలిక 23,100 డాలరులకు అమ్ముడుపోయెను. దానిపై చిత్రము లేదు, రాజముద్ర లేదు. ఉన్నదెల్ల ఒక మనుష్యుని పేరు మాత్రమే. ఆ పేరు వ్రాసినవాడు పండితుడు కాడు, ప్రభువు కాడు. చదువను, వ్రాయను నేర్వని ఒక మిల్లు కూలివాని కుమారుడు. అతడే బేస్‌బాల్ క్రీడలో మేటియని పేరొందిన జో జాక్సన్.

బేస్‌బాల్ అమెరికనులకు మిక్కిలి ప్రియమైన ఆట. మన దేశమున క్రికెట్టునకు గల ఆదరణ ఆ దేశమున దానికి కలదు. ఒకడు బంతి విసరును. మరియొకడు గుండ్రని కొయ్య బ్యాటుతో దానిని కొట్టి, చతురస్రముగ అమర్చిన నాలుగు స్థానములను చుట్టి వచ్చును. విసరిన బంతి కన్నుమూసి తెరచునంతలో మీదికి వచ్చును గనుక దానిని సరిగా కొట్టుట మిక్కిలి కష్టము. వేయి పర్యాయములలో మున్నూరు సార్లు సఫలుడైనవానినే ఆ ఆటలో దిట్టయని ఎన్నుదురు.

జాక్సన్ 1887వ సంవత్సరము జూలై 16వ తేదీన దక్షిణ కారొలీనా రాష్ట్రములోని పికెన్స్ మండలమున జన్మించెను. తండ్రి జార్జి జాక్సన్ పేదవాడు. ఆ కాలమున ఆ ప్రాంతమున నూలుమిల్లులు విరివిగ వెలయుచుండెను. సేద్యమువలన పొట్ట గడవని పల్లెప్రజలు పిల్లాపాపలతో మిల్లులకు తరలిపోవుచుండిరి. జాక్సన్ కుటుంబమును అట్లే తరలి, తుదకు గ్రీన్‌విల్ నగరము చెంతనున్న బ్రాండన్ మిల్లు వాడలో స్థిరపడెను. ఎనిమిదిమంది సంతానములో జో పెద్దవాడు. ఇతర బాలురు పలక పట్టు ఈడున, అనగా ఆరేడేండ్ల ప్రాయమున, అతడు చీపురు పట్టి మిల్లు నేలపై రాలిన దూదిపీచును ఊడ్చుచుండెను. పనిగంటలు దినమునకు పండ్రెండు. ఇక బడి యెక్కడిది? అక్షరమెక్కడిది? ఆ నాడు ఆ మిల్లులలో వేలకొలది బాలుర గతి యిదియే.

పదియేండ్ల వయసున జోకు తట్టు వ్యాధి సోకి ప్రాణాపాయము కలిగెను. కాలుసేతులు స్వాధీనము తప్పి, అతడు రెండు మాసములు మంచము విడువలేకపోయెను. తల్లి రేయింబవళ్ళు కనిపెట్టియుండి కుమారుని బ్రదికించుకొనెను. వ్యాధి నెమ్మదించిన పిదప బాలునకు అపూర్వమైన దేహబలము చేకూరెను. ప్రతి మిల్లునకు ఒక బేస్‌బాల్ జట్టుండెడిది. పదుమూడేండ్ల ప్రాయముననే జో పెద్దవారితో సమానముగ బ్రాండన్ మిల్లు జట్టున చోటు సంపాదించెను. శనివారమునాటి ఆటకు అతనికి రెండున్నర డాలరులు లభించుచుండెను. ఫెర్గూసన్ అను స్థానికుడు అతని కొక బ్యాటు చెక్కి యిచ్చెను. పొగాకు రసము పట్టించి నల్లగ చేసిన ఆ బ్యాటునకు నల్ల బెట్సీ యని ముద్దుపేరు. అతడు దానిని జీవితాంతము ప్రాణపదముగ చూచుకొనెను.

ఒకనాటి ఆటలో క్రొత్త బూట్లు కఱచి పాదములు బొబ్బలెక్కగా, జాక్సన్ వానిని విడిచి మేజోళ్ళతోనే ఆడెను. అది చూచిన ప్రేక్షకుడొకడు ఎగతాళిగా అరచెను. నాటినుండి అతనికి షూలెస్ జో, అనగా బూట్లు లేని జో అను పేరు స్థిరపడెను. ఆ పేరు అతనికి నచ్చలేదు. మిల్లు వాడ పేదరికమును అది తన మెడకు కట్టినట్లు అతనికి తోచుచుండెను. కాని లోకము పెట్టిన పేరును తొలగించుకొనుట యెవరి తరము?

1908వ సంవత్సరము జూలై మాసమున జాక్సన్ కేటీ విన్ అను యువతిని వివాహమాడెను. ఆమె చదువుకొన్నది. నాటినుండి భర్తకు వచ్చిన జాబులను చదివి వినిపించుటయు, బదులు వ్రాయుటయు, లెక్కలు చూచుటయు ఆమె వంతు. సంతకము కోరి అభిమానులు పంపిన కాగితములపై భర్త పేరును పెక్కుసార్లు ఆమెయే వ్రాయుచుండెను. పత్రములపై తప్పక తానే వ్రాయవలసి వచ్చినపుడు జాక్సన్ తన పేరును బొమ్మ గీసినట్లు మెల్లమెల్లగ గీయుచుండెను. ఆ గీతలు వంకరలు పోవుచుండెను. బ్యాటు పట్టిన చేతికి కలమే బరువయ్యెను.

ఆ యేడే ఫిలడెల్ఫియా జట్టు అతనిని కొనుక్కొనెను. పల్లెపట్టున పెరిగిన యువకునకు ఆ మహానగరము అడవివలె కన్పించెను. తోటి ఆటగాండ్రు అతని మాటతీరును, చదువులేమిని పరిహసించుచుండిరి. భోజనశాలలో వంటకముల పట్టిక చేతికిచ్చినచో అతడు దానిని చదువజాలడు. కావున ప్రక్కవారు ఏమి కోరుదురో విని, దానినే తానును కోరుచుండెను. జట్టు నిర్వాహకుడైన మాక్ అతనికి చదువు చెప్పుటకు ఉపాధ్యాయుని నియమింపజూచెను. జాక్సన్ అంగీకరింపలేదు. తనకు ఆట వచ్చునుగదా, చదువుతో పనియేమి యని తలంచెను. అతని జీవితమున మేలైన ద్వార మొకటి ఆనాడు తెఱవబడి మూతపడెను. ఇంటిమీది బెంగతో అతడు పలుమారులు స్వగ్రామమునకు పోవుచుండుటచే, రెండేండ్లలో అచ్చట ఆడినవి పది ఆటలు మాత్రమే.

1910లో అతడు క్లీవ్‌లండ్ జట్టునకు మారెను. అచ్చట అతని ప్రతిభ పున్నమిచంద్రునివలె ప్రకాశించెను. 1911వ సంవత్సరములో అతని సగటు వేయింటికి 408. పెద్ద పోటీలలో పూర్తి యేడాది ఆడుట అతనికి అదియే మొదలు. క్రొత్తవాడెవ్వడును అంతటి అంకెను అంతకుముందు అందుకొనలేదు. ఐనను ఆ యేడు టై కాబ్ అను మేటి ఆటగాడు 420 సాధించుటచే ప్రథమస్థానము జాక్సన్‌కు దక్కలేదు. ఆ వసంతముననే లూసియానా రాష్ట్రములోని అలెగ్జాండ్రియాలో జట్టు అభ్యాసము చేయుచుండగా, స్మిత్ అను పత్రికా ఛాయాగ్రాహకుడు జాక్సన్ చిత్రమును తీసెను. ఒక ప్రతిపై జాక్సన్ తన పేరును స్వహస్తముతో గీసి యిచ్చెను. ఎంతసేపు శ్రమపడి గీసెనోగాని, ఆ కాగితమునకు ముందు రానున్న వెల అతడు కలలోనైన ఎఱుగడు.

ఆ కాలమున మిఠాయి పొట్లములలోను, సిగరెట్టు పెట్టెలలోను ఆటగాండ్ర బొమ్మలు గల చిన్న అట్టముక్కలను ఉంచి అమ్ముచుండిరి. బాలురు వానిని ప్రోగుచేసి, ఒకరితో నొకరు మార్చుకొనుచుండిరి. జాక్సన్ బొమ్మలును అట్లే వేలాది పిల్లల జేబులలో తిరిగెను. ఆ బొమ్మలపై పేరు అచ్చులో నుండెను. కాని సంతకము చేసి యిచ్చు వాడుక నాడు లేదు.

1915లో జాక్సన్ చికాగో వైట్ సాక్స్ జట్టున చేరెను. 1917లో ఆ జట్టు దేశవిజేత అయ్యెను. 1919లో మరల తుదిపోటీకి చేరి, సిన్సినాటి జట్టుతో తలపడెను. గెలుపు చికాగోదే యని లోకము నమ్మియుండగా చికాగో ఓడిపోయెను. జూదరులు కొందఱు ఆటగాండ్రకు లంచమిచ్చి ఓడునట్లు చేసిరన్న వదంతి పుట్టెను. అనుమానము ఎనమండ్రుగురిపై పడెను. వారిలో జాక్సన్ ఒకడు. ఆ పోటీలో అతడు పండ్రెండుసార్లు బంతిని సఫలముగ కొట్టెను, సగటు 375, బంతిపట్టుటలో తప్పొక్కటియు లేదు. ఐనను తోటి ఆటగాడు తెచ్చి యిచ్చిన 5,000 డాలరులను అతడు తీసికొనెను. ఆ యేటి అతని జీతము 6,000 డాలరులు. ఆ సొమ్ము ఎచ్చటిదో తెలిసియు తిరిగి యివ్వకపోవుట అతని జీవితమునకు చెఱగని మచ్చ అయ్యెను.

1920వ సంవత్సరము సెప్టెంబరులో చికాగో నగరమున విచారణ ఆరంభమయ్యెను. జాక్సన్ విచారణమండలి యెదుట నిలిచి, సొమ్ము పుచ్చుకొన్న మాట నిజమేయని ఒప్పుకొనెను. కాని గెలుపుకొఱకే ఆడితినని చెప్పెను. అంతకుముందు ఒక పత్రముపై అతనిచేత సంతకము చేయించిరి. తాను చెప్పు మాటలను తనపైననే నేరముగ మోపకుండ చట్టమిచ్చు రక్షణను వదలుకొనుచున్నట్లు ఆ పత్రమున నుండెను. చదువనేర్చిన భార్య ఆ గదిలో లేదు. అతడు పేరు గీసెను. ఆ దినమున ఒక బాలుడు న్యాయస్థానపు మెట్లకడ నిలిచి, అది నిజము కాదని చెప్పుమని జాక్సన్‌ను కన్నీటితో వేడుకొనెనని పత్రికలు వ్రాసెను. అటువంటి దేదియు జరుగలేదని జాక్సన్ తరువాత చెప్పెను. ఐనను ఆ కథ దేశమంతట వ్యాపించెను.

1921వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన పంచాయతుదారులు ఆ ఆటగాండ్రను నిర్దోషులని తీర్పుచెప్పిరి. కాని మరునాడే క్రీడాసంఘపు అధికారి లాండిస్ ఎనమండ్రుగురిని జీవితాంతము ఆటనుండి బహిష్కరించెను. 1920లో జాక్సన్ సగటు 382. అంతటి పటుత్వమున నుండగానే అతని బ్యాటు మూలబడెను. అతని మొత్తము జీవితపు సగటు 356.

అతడు మరియొక సంతకమువలనను నష్టపోయెను. 1920వ సంవత్సరారంభమున ఏడాదికి 8,000 డాలరుల చొప్పున మూడేండ్లకు జట్టువారు అతనితో ఒడంబడిక చేసికొనిరి. పది దినముల తెలియజేతతో ఆటగాని తొలగించు హక్కు యజమానికి కలదన్న నిబంధన అందులో నుండెను. ఆ నిబంధన లేదని తనకు చెప్పిరనియు, భార్యకు చూపకయే సంతకము చేసితిననియు జాక్సన్ వాదించెను. జట్టువారు దీనిని ఒప్పుకొనలేదు. 1924లో మిల్వాకీ న్యాయస్థానమున పంచాయతుదారులు జాక్సన్ పక్షము వహించిరి. కాని అతడు 1920లో చెప్పిన మాటలకును, ఇప్పటి మాటలకును పొత్తు కుదరలేదని న్యాయాధిపతి ఆ నిర్ణయమును త్రోసివేసెను. పేరు గీయుట మాత్రమే నేర్చి, పేరుకు పైనున్నది చదువ నేర్వనివానికి తన చేవ్రాలే ఉరియగునని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

తరువాత జాక్సన్ సవన్నా పట్టణమున బట్టలు శుభ్రపఱచు దుకాణమును నడపెను. పిదప గ్రీన్‌విల్‌కు తిరిగివచ్చి భోజనశాలను, మద్యపు అంగడిని నడపెను. కేటీ లెక్కలు చూచుచుండెను. వారికి సంతానము లేదు. వీధిలో ఆడుకొను పిల్లలకు జాక్సన్ బంతికొట్టు మెలకువలు నేర్పుచుండెను. 1951వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన, తన అరువదినాల్గవ యేట, హృద్రోగముచే మరణించెను. కొలది దినములలో ఒక టెలివిజన్ కార్యక్రమమున దేశప్రజల యెదుటికి రావలసియుండగా ఆ కోరికయు తీరకపోయెను.

కాలము గడచెను. ఒకప్పుడు పిల్లల జేబులలో తిరిగిన బొమ్మలను పెద్దలు వెలపెట్టి కొనసాగిరి. ప్రసిద్ధులైన ఆటగాండ్ర సంతకములకును గిరాకి పెరిగెను. మరణించినవాడు మరల సంతకము చేయలేడు గదా! అందుచే బొమ్మలు అచ్చువేయు వ్యాపారులు ఒక ఉపాయము కనుగొనిరి. మృతులైన ఆటగాండ్రు సంతకము చేసిన పాత చెక్కులను, జాబులను, ఒడంబడికలను కొని, సంతకమున్నంతమేర కత్తిరించి, మందపు అట్ట నడుమ చిన్న కిటికీ తొలిచి అందులో అమర్చుదురు. దీనినే కత్తిరింపు సంతకమందురు. అటువంటి అట్ట తఱచు ఒక్కటియే యుండును.

దాని విలువను నిర్ణయించునవి కొన్ని కలవు. మొదటిది, సంతకము నిజమైనదా కాదా యన్నది. ఎఱిగినవారు అక్షరముల వంపును, సిరా వన్నెను, కాగితపు వయసును పరీక్షింతురు. రెండవది అరుదుదనము. చేయి తిరిగినవాడై అడిగినవారికెల్ల వ్రాసియిచ్చిన వీరుని సంతకము ఎంత గొప్పవానిదైనను చౌకయే. మూడవది, కత్తిరింపు తీరు. అక్షరములు తెగిపోయినచో వెల తగ్గును. నాలుగవది, ఏ పత్రమునుండి తీసిరో తెలుపు ఆధారము. పూర్తిగా నిలిచిన పత్రము సాధారణముగ కత్తిరించిన ముక్కకంటె విలువైనది. ఏలయన, పత్రమునకు చరిత్ర కలదు; ముక్కకు పేరు మాత్రమే కలదు. అందుచే పాత పత్రములను కత్తిరించుట చరిత్రను చెఱచుటయేయని పలువురు విచారించుచుందురు.

జాక్సన్ చేవ్రాలు ఈ పరీక్షలకెల్ల నిలిచెను. అతడు వ్రాసినది మిక్కిలి తక్కువ. అభిమానుల యొద్దనున్న సంతకములలో పెక్కు కేటీ వ్రాసినవి. నిజముగ అతని చేతివని తేలినవి చాలవఱకు న్యాయపత్రములపైననే దొరకుచున్నవి. అతని వీలునామా గ్రీన్‌విల్ మండల కార్యాలయమున నున్నది. కేటీ తన ఆస్తిని హృద్రోగ నివారణకును, క్యాన్సరు నివారణకును పాటుపడు రెండు ధర్మసంస్థలకు వ్రాసి 1959లో మరణించెను. ఆ సంస్థలు 1990ల దశకమున ఆ వీలునామాపై తమకు హక్కు కలదని వ్యాజ్యము వేసెను. దానిలోని సంతకమును అమ్మి ధనము గడింపవచ్చునని వారి ఆశ. కాని ఆ పత్రము ప్రజల ఆస్తియనియు, కార్యాలయముననే యుండవలెననియు రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము తీర్పుచెప్పెను. అందుచే ఆ పేరు దాని పైనున్న మాటలతో కలిసియే నిలిచెను. 1911లో అలెగ్జాండ్రియాలో తీసిన ఛాయాచిత్రము మాత్రము 2021వ సంవత్సరమున 14,70,000 డాలరులకు అమ్ముడుపోయెను. బ్రదికియున్నన్నాళ్ళు జాక్సన్ గడించిన జీతములన్నియు కలిపినను ఆ మొత్తమునకు దరిదాపులకైన రావు.

2025వ సంవత్సరము మే 13వ తేదీన, మరణించిన ఆటగాండ్రపై బహిష్కారము ఇక చెల్లదని క్రీడాసంఘాధికారి ప్రకటించెను. జాక్సన్ పేరు బహిష్కృతుల పట్టికనుండి తొలగింపబడెను. అతడు కన్నుమూసి అప్పటికి డెబ్బదిమూడేండ్లు దాటెను.

జాక్సన్ సిగ్గుపడి దాచుకొన్న వంకర గీతలే నేడు ధనికుల పెట్టెలలో రత్నములవలె భద్రముగ నున్నవి. చదువురానందువలన కలిగిన కొఱతయే ఆ సంతకమునకు వెల తెచ్చెను. కాని ఆ ధనము అతని కొక్క పూట అన్నము పెట్టలేదు. అతని మాటను ఒక్క న్యాయస్థానమున నిలబెట్టలేదు. 1990లో అమ్ముడుపోయిన పేలికను చూచినవానికి పేరు కన్పించును గాని, ఆ పేరుకు పైన ఏమి వ్రాసియుండెనో కన్పింపదు. జాక్సన్ బ్రదికియున్ననాడును స్థితి అదియే; తన పేరుకు పైన ఏమి వ్రాసియున్నదో అతనికి కన్పింపలేదు. చేవ్రాలనగా మాట యిచ్చుట. తన పేరుకు పైనున్నది తానే చదువగలిగి, చదివిన పిదప తాను నిలబడగలిగిన మాటకే పేరు పెట్టువాని చేవ్రాలు వేలమున ఎంతకు పోయినను పోకున్నను విలువ గలదే యగును.